గంటకి ఎంత పడింది?

మా మేనల్లుడు ఫోన్ చేశాడంటే ఈ మధ్య కుశలప్రశ్నలుండవు, నేరుగా లెక్కలోకి దిగుతాడు. "మావయ్యా, ప్లేస్టేషన్ గేము, 4,999. పెట్టొచ్చంటావా? కథంతా కలిపి 15 గంటలేనట!" ఆ 'గంటలేనట' దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. గేము బాగుందా, రాత్రి పడుకోనిస్తుందా అన్న ఊసే లేదు. గంటకి 333 రూపాయలు, గిట్టదు, అని తేల్చేస్తాడు. అదే పెద్ద హీరో సినిమా బెనిఫిట్ షో అనండి, ప్రభుత్వం జీవో ఇచ్చి మరీ పెంచిన రేటుకి మూడు గంటల బొమ్మ కోసం అర్ధరాత్రి పరిగెత్తుతాడు. అక్కడ భాగహారం గుర్తుకు రాదు.

ఈ గంటల పిచ్చిని గేములు చేసేవాళ్లు ఎప్పుడో పసిగట్టారు. 2009లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ 2లో ఇటలీ ఊళ్లనిండా 100 ఈకలు పడేసి పెట్టారు. చనిపోయిన తమ్ముడి జ్ఞాపకమంటూ దానికో కథ కూడా అల్లారు, పాపం. ఇంటికప్పులెక్కి, దూకి, మెడలు విరిగేలా వెతికి అన్నీ తెచ్చిస్తే ఏమిస్తారు? భుజాన వేసుకోవడానికి ఒక వస్త్రం. అది వేసుకుంటే ఏ ఊరెళ్లినా మిమ్మల్ని నేరస్థుణ్ని చూసినట్టే చూస్తారు. ఈ ఈకలు ఏరిన గంటలు కూడా మావాడి లెక్కలో లాభం పద్దే! అదే 2007 నాటి పోర్టల్ గేము చూడండి. గోడకో కన్నం, నేలకో కన్నం పెట్టి ఇందులో దూరి అందులో తేలడమే పని. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఒక్క గది కూడా వృథాగా లేదు. నన్నడిగితే పూర్తి ధర అలాంటిదానికే ఇవ్వాలి. సాగదీసినదానికి, మన టైము తిన్నందుకు, వాళ్లే ఎదురివ్వాలి.

"సేల్ వచ్చేదాకా ఆగితే సగానికొస్తుందిగా" అంటారు. నిజమే, ఆగినవాడికే లాభం. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077ని మొదటిరోజే కొన్నవాళ్లు డబ్బులిచ్చి మరీ తప్పులు వెతికిపెట్టారు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్లోంచి దాన్ని తీసేసి, మళ్లీ మరుసటి ఏడు జూన్‌లో గానీ పెట్టలేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్లో అయితే 14 రోజుల్లోపు, రెండు గంటలు ఆడకముందే వాపసు అడగొచ్చు. ఇప్పటి పెద్ద గేముల్లో రెండు గంటలకి గుర్రమెక్కడం నేర్పడమే పూర్తికాదు. ధరని బట్టి సరుకు తెలుస్తుందా అంటే అదీ లేదు. 2025 సెప్టెంబరులో సిల్క్‌సాంగ్ అనే గేముని 20 డాలర్లకే వదిలితే జనం తాకిడికి స్టోర్లు కుప్పకూలాయి.

అసలు ధర కట్టడం తెలిసినవాడు మన వీధిలో ముస్తఫా మెషీను పెట్టినవాడు. అది 1993లో కాప్‌కామ్ కంపెనీ తెచ్చిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. ఆ పేరు మన దగ్గర ఎవరూ పలికిన పాపాన పోలేదు. నలుగురు వీరుల్లో ఒకడు ముస్తఫా, గేముకీ వాడి పేరే. రూపాయి బిళ్ల వేస్తే చేతనైనంతసేపు ఆడుకోవడమే. చేతకానివాడికి రెండు నిమిషాలు, చెయ్యి తిరిగినవాడికి అరగంట. మన రూపాయి విలువ మన వేళ్లలో ఉండేది. వెనక చేరిన మూక సలహాలు ఉచితం.

రెండో స్టేజీ చివర కసాయివాడొకడు, రెండు చేతులా కత్తులతో. చాలామంది రూపాయిలు అక్కడే రాలిపోయేవి. వాణ్ని దాటితే కారెక్కి రోడ్డున పడొచ్చు. ఆ కారు కోసమే సాయంత్రాలు అక్కడ గడిచేవి. పండగ సెలవుల్లో మాత్రం కసాయివాడికి చావే ఉండేది కాదు. ఓనరు లోపల సెట్టింగు మార్చేవాడని నా గట్టి నమ్మకం. ముస్తఫాని ఎవరు తీసుకోవాలన్నదాని మీద జరిగిన తగువులు సరేసరి. పరిగెత్తుకెళ్లి ఎగిరి తన్నడంలో వాణ్ని మించినవాడు లేడు మరి. మా మెషీనుకేమో జంప్ బటనే నొక్కుకుపోయి ఉండేది. చెబితే ఓనరు చిల్లర లెక్కపెట్టుకుంటూ "ముస్తఫా వద్దులేరా, జాక్‌ని తీసుకో" అనేవాడు. జాక్‌కి మాత్రం జంప్ అక్కర్లేదా ఏంటి?