తాతయ్య ఫియట్ కోసం రాణీగంజ్ గల్లీల్లో...

బ్రేక్ తొక్కగానే కారు ఒక పక్కకి లాగేసింది. ఎదురుగా స్కూల్ పిల్లలు. గేరు తగ్గించి ఎలాగో ఆపాను. చేతులు వణకడం మాత్రం ఆగలేదు.

అది మా తాతయ్య ప్రీమియర్ పద్మిని. ఇంట్లో అందరికీ ‘ఫియట్’. మెకానిక్ వెనక ఎడమ డ్రమ్ విప్పితే లోపలంతా గేర్ ఆయిలే. “యాక్సిల్ ఆయిల్ సీల్ పోయింది. కొత్తది తెస్తే వేస్తా” అన్నాడు. అరచేతిలో పట్టే రబ్బరు రింగు అది. యాక్సిల్‌లోని ఆయిల్ బ్రేకుల దాకా రాకుండా ఆపడమే దాని పని.

“ఇంక తుక్కుకి ఇచ్చేద్దాంరా” అన్నారు నాన్న. నానమ్మ ఏమీ మాట్లాడలేదు. తాతయ్య పోయాక కూడా ఆవిడ గుడికెళ్లేది ఆ కారు ముందు సీట్లోనే. ముంబైలోనే 2023 అక్టోబర్‌లో పద్మిని ట్యాక్సీల కథ ముగిసింది. ఇక ఇక్కడ స్పేర్లు దొరుకుతాయా?

ఆన్‌లైన్‌లో ‘పద్మినికి సరిపోతుంది’ అన్నది తెప్పిస్తే లూజైంది. ఇక శనివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, ఆటోలో సికింద్రాబాద్ రాణీగంజ్ చేరాను. ఎటు చూసినా బేరింగులు, బెల్టులు, బోల్టులు, లోడు దించుతున్న ట్రాలీ ఆటోలు. మూడు షాపుల్లో “ఫియట్‌కా? ఇప్పుడెవరు అడుగుతారు తమ్ముడూ!” అన్నారు. నాలుగో షాపులో అంబాసిడర్ సీల్ చూపించారు. దాని కొలతలు అంగుళాల్లో, ఫియట్‌వి మిల్లీమీటర్లలో. కుదరదు.

ఐదో షాపులో ఒక పెద్దాయన అన్నాడు: “బండి పేరు కాదు బాబూ, సైజు చెప్పు.”

పాత సీల్ ఇచ్చాను. నంబర్ చెరిగిపోయింది. “అంచు అరిగింది, దీన్ని కొలిస్తే తప్పొస్తుంది. షాఫ్ట్ కొలు, సీల్ కూర్చునే గూడు కొలు, మందం రాసుకో” అన్నాడు. సీల్ మీద 35-52-7 అని ఉంటే షాఫ్ట్ 35, బయటి కొలత 52, మందం 7 మిల్లీమీటర్లు అన్నమాట. నేనేమో ఇన్నాళ్లూ పేరుతో వెతుకుతున్నా!

ఇంటికొచ్చి, ఇంజినీరింగ్ ఫస్టియర్ ల్యాబ్ తర్వాత మళ్లీ వెర్నియర్ పట్టాను. మరుసటి శనివారం మూడు అంకెలు చెప్పగానే ఆయన రెండు నిమిషాల్లో డబ్బా దించాడు. ధర ప్యారడైజ్‌లో ఒక బిర్యానీ అంత కూడా లేదు. “షాఫ్ట్ మీద గోరుతో గీసి చూడు. గాడి తగిలితే కొత్త సీల్ కూడా కారుతుంది. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలి” అని జాగ్రత్తలు చెప్పాడు.

అదృష్టం, గాడి లేదు. ఆయిల్ పట్టిన బ్రేక్ షూలు కూడా మార్పించి, యాక్సిల్ గాలి రంధ్రం శుభ్రం చేయించాం. అది మూసుకుపోయినా ఒత్తిడి పెరిగి ఆయిల్ బయటికి తన్నుతుందట.

ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద బ్రేక్ వేశా. కారు నిటారుగా ఆగింది. నమ్మకం కుదరక మళ్లీ వేశా. ఇంకోసారి.

పక్క సీట్లోంచి నానమ్మ విసుక్కుంది: “ఎన్నిసార్లు ఆపుతావురా? గుడి తలుపులు మూసేస్తారు, పోనీ!”