పన్నెండు మీద రెండు

రిలేషనల్ డేటాబేసుల్లో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. తమ గురించిన సమాచారాన్ని కూడా అవి టేబుళ్ళలోనే దాచుకుంటాయి. 1970లో రిలేషనల్ మోడల్‌ని ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్, 1985లో ప్రకటించిన నియమాల్లో ఈ మాట స్పష్టంగానే చెప్పాడు: డేటాబేసు వివరాలు కూడా మామూలు డేటాలాగే ఉండాలి, మామూలు డేటాని అడిగే భాషలోనే వాటినీ అడగగలగాలి. కాబట్టి ఒక ఫంక్షన్ ఏయే పారామీటర్లు తీసుకుంటుందో తెలుసుకోవడానికి దాన్ని రాసినవాళ్ళని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఒక సెలెక్ట్ చాలు.

చాలా మట్టుకు చాలు. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకు రెండు దారులున్నాయి. ఇన్ఫర్మేషన్ స్కీమాలో పారామీటర్స్ అనే వ్యూ ఒకటి. అందులో ఒక్కో పారామీటరుకి ఒక్కో వరస: ఎన్నోది, లోపలికి వెళ్ళేదా బయటికి వచ్చేదా, పేరు, టైపు. రెండోది పీజీ ప్రాక్ అనే సొంత కేటలాగు. అక్కడ ఫంక్షన్‌కి ఒకటే వరస. టైపులన్నీ ఒక కాలమ్‌లో, పేర్లన్నీ ఇంకో కాలమ్‌లో మూటకట్టి ఉంటాయి. ఏ పారామీటరుకీ పేరు పెట్టకపోతే ఆ పేర్ల కాలమ్ నల్. అలా రాయడం తప్పేమీ కాదు, ఫంక్షన్ లోపల డాలర్ ఒకటి, డాలర్ రెండు అని పిలుచుకోవచ్చు. ఇంకో విశేషం: పారామీటరు టైపుని 12 అంకెలు, 2 దశాంశ స్థానాలు అని జాగ్రత్తగా రాసినా, కేటలాగు ఒట్టి 'న్యూమెరిక్' అన్నంత వరకే గుర్తుపెట్టుకుంటుంది. బ్రాకెట్లో రాసింది వదిలేస్తుంది.

అప్పులిచ్చే ఒక సంస్థ కోసం పనిచేస్తున్నప్పుడు నాకు అలాంటి ఫంక్షనే ఎదురైంది. వడ్డీ లెక్కగట్టేది. రాసినాయన ఉద్యోగం మారి చాలా కాలమైంది. కేటలాగుని అడిగితే వచ్చిన జవాబు: మూడు న్యూమెరిక్‌లు, రెండు ఇంటిజర్లు. పేర్లు: నల్.

ఫంక్షన్ కోడ్ కూడా కేటలాగులోనే ఉంటుంది కనుక తీసి చదివాను. ఒకటే లైను. రెండోదాన్ని నాలుగోదానితో, మూడోదాన్ని ఐదోదానితో గుణించి, రెంటినీ కూడి, ఆ మొత్తాన్ని మొదటిదానితో గుణించి 36500తో భాగించడం. మొదటిది అసలు, తర్వాత రెండు రేట్లు, ఆ తర్వాత రోజులు అని ఊహించవచ్చు. కానీ ఏ రేట్లు, ఏ రోజులు?

లక్ష రూపాయల అప్పు, 12 శాతం వడ్డీ, మొత్తం 90 రోజులు, అందులో 30 రోజులు ఆలస్యం, ఆలస్యానికి 2 శాతం అదనం అనుకోండి. 90 రోజులకి 12, 30 రోజులకి 2 అని ఇస్తే వడ్డీ 3,123 రూపాయలు. 60 రోజులకి 12, 30 రోజులకి 14 అని ఇచ్చినా అంతే వస్తుంది. రెండు పద్ధతులూ సరైనవే. కానీ 90 ఒక పద్ధతి నుంచి, 14 ఇంకో పద్ధతి నుంచి తెస్తే 4,110 అవుతుంది. ఎవరో ఒకరి రసీదు మీద 987 రూపాయలు ఎక్కువ పడతాయి. టైపులు సరిపోతాయి కాబట్టి డేటాబేసు కిక్కురుమనదు.

అక్క తమ్ముడికి పుస్తకం ఇచ్చింది. పుస్తకం తమ్ముడికి అక్క ఇచ్చింది. మాటల వరస మారినా తెలుగులో ఇచ్చిందెవరో పుచ్చుకుందెవరో తారుమారు కాదు. 'కి' అనే చిన్న ప్రత్యయం ఆ సంగతి చూసుకుంటుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో కారకాలకి ఏకంగా ఒక పరిచ్ఛేదమే ఇచ్చాడు. పేర్లు లేని పారామీటర్లు విభక్తులు ఊడిపోయిన వాక్యం లాంటివి. వాటికి వరసే దిక్కు. పేర్లుంటే పోస్ట్‌గ్రెస్ కూడా ఏ వరసలో ఇచ్చినా ఒప్పుకుంటుంది, ఏ విలువ ఏ పేరుదో చెబితే చాలు.

చివరికి ఆ సంస్థలో ఎన్నో ఏళ్ళుగా ఖాతాలు చూస్తున్న ఒకావిడకి ఫోన్ చేశాను. కంప్యూటర్ రాకముందు ఆ లెక్కలు చేత్తో వేసినావిడ. "ఆలస్యమైన రోజులకి పన్నెండు మీద రెండు బాబూ," అన్నారు. "పన్నెండేమో మొత్తం రోజులకీ పడుతుంది." పాత రసీదులు నాలుగు తీసి లెక్క వేసి చూస్తే సరిగ్గా అలాగే తేలింది. కేటలాగులో నల్ అని ఉన్నచోట ఉండాల్సిన మాట ఆ 'మీద'.

ఇక పేర్లు పెట్టడం. పోస్ట్‌గ్రెస్‌లో దీనికో నియమం ఉంది. పేరు లేని పారామీటరుకి, ఫంక్షన్‌ని అలాగే ఉంచి, కొత్తగా పేరు పెట్టుకోవచ్చు. లోపలికి వెళ్ళే పారామీటరుకి ఒకసారి పేరు పెట్టాక మాత్రం మార్చనివ్వదు, ఫంక్షన్‌ని తీసేసి మళ్ళీ రాసుకోవాల్సిందే. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎక్కడైనా ఉండవచ్చు కదా.

అందుకని ఆలోచించే పెట్టాను: అసలు, వార్షిక రేటు, అదనపు రేటు, మొత్తం రోజులు, ఆలస్యపు రోజులు. కవితా సంపుటాల మీద రాసేటప్పుడు విశేషణాలు తగ్గించుకోమని సలహా ఇస్తుంటాను. ఇక్కడ మాత్రం 'అదనపు', 'మొత్తం' అన్న రెండు విశేషణాల మీదే బరువంతా ఉంది. రేటు, రోజులు అన్నవి ఎవరైనా ఊహించుకోగలరు.

టేబుల్లోని ఒక్కో కాలమ్‌కి విడిగా వ్యాఖ్య రాసుకునే వీలుంది కానీ, పోస్ట్‌గ్రెస్‌లో పారామీటరుకి ఆ వీలు లేదు. ఫంక్షన్ మొత్తానికి ఒకటే. ఆ ఒక్క చోటులో ఆవిడ చెప్పిన రెండు వాక్యాలూ తెలుగులోనే రాసిపెట్టాను. ఇప్పుడవి కూడా కేటలాగులో ఒక వరస. సెలెక్ట్‌కి అందుతాయి.