పచ్చబడిన అతుకు

నయా రాయపూర్ 29వ సెక్టారులోని ఒక ఇంటికి గత వేసవిలో భిలాయి నుండి సామాను వచ్చింది. మంచాలు, బీరువా, ఇత్తడి గిన్నెలు దిగిన తరువాత చిట్టచివర ఒక రేకు ట్రంకుపెట్టె దిగింది. దానిని మోయడానికి ఇద్దరు కూలీలు కావలసివచ్చారు. అందులో పాత నేతచీరలో చుట్టి ఉన్నది ఒక యాంప్లిఫయరు. చేతితో కోసిన అల్యూమినియం చాసిసు, అయిదు వాల్వులు, రెండు బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు. దానిని 1968లో స్వహస్తాలతో కట్టిన మనిషి ఎనభై నాలుగేండ్ల వయస్సులో వరండాలో కుర్చీ వేసుకొని, పెట్టెను ఎవరూ జారవిడువకుండా చూస్తూ కూర్చున్నారు.

ఆయన విజయనగరం ప్రాంతపువారు. సోవియట్ దేశపు సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారంలో 1962లో చేరారు. విజయనగరం నుండి రాయపూర్‌కు నేరుగా రైలు ఉండడంతో ఆ రోజులలో ఉత్తరాంధ్ర యువకులు ఎందరో ఆ దారినే పట్టారు. క్వార్టర్లలో తెలుగు మాట, శ్రీరామనవమికి తెలుగు పందిరి ఏర్పడ్డాయి. పందిరికి పాట కావాలి, పాటకు యాంప్లిఫయరు కావాలి. కొనడానికి మూడు నెలల జీతం చాలదు. కనుక కట్టారు.

కట్టడానికి ఆధారం ఒక నోటుపుస్తకం. ముల్లార్డు అనే బ్రిటిష్ వాల్వుల సంస్థ 1954లో ప్రకటించిన 'అయిదు-పది' సర్క్యూటును ఆయన అందులో పెన్సిలుతో దించుకొన్నారు. అయిదు వాల్వులు, పది వాట్లు. అందుకే ఆ పేరు. చివరి రెండు వాల్వులు ఇ.ఎల్.84 రకంవి కావాలి. ఒకటే దొరికింది. రెండవ దాని స్థానంలో కర్మాగారంలోని ఒక రష్యన్ నిపుణుడు ఇచ్చిన సోవియట్ వాల్వు కూర్చుంది. దాని పేరు 6పి14పి, గుణంలో దానికి జోడీయే. గాజుమీద ఆ రష్యన్ అక్షరాలు ఈనాటికీ చెరిగిపోలేదు.

పెట్టె తెరిచిన రోజే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కుమారుడు సచివాలయ ఉద్యోగి. దీనిని బాగుచేయించి తండ్రి చేత మళ్ళీ పాట వినిపించాలని అతని కోరిక. మనుమరాలు ఇంజనీరింగు చదువుతోంది. ఆమె వాదం సూటిగా ఉంది. "తాతయ్యా, దీనిలో ఎండిపోని కండెన్సరు ఒక్కటైనా ఉందా? అన్నీ మార్చాక మిగిలేది రేకే కదా. అదే శ్రమతో కొత్తది కట్టుకోవచ్చు."

తాతగారు నవ్వి, "కట్టు తల్లీ, చూద్దాం" అన్నారు.

ఆమె నిజంగానే కట్టింది. రాయపూర్ బజారు నుండి అయిదు కాళ్ళ చిప్పులు రెండు, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, వేడిని లాగే అల్యూమినియం రెక్క తెచ్చింది. మూడు సాయంత్రాలలో పని పూర్తి. పూర్వం అయిదు వాల్వులు చేసిన పని ఇప్పుడు అయిదు కాళ్ళు చేస్తున్నాయన్నమాట. ఖర్చు వెయ్యి రూపాయలలోపే. తాతగారు స్పీకరుకు చెవి ఆనించి చాలాసేపు విన్నారు. "గుంయ్ మనే రొద లేదు. నాది ఏనాడూ ఇంత నిశ్శబ్దంగా లేదు" అని ఒప్పుకొన్నారు. ఈ ఒప్పుకోలు మర్యాదకు చేసినది కాదు. వాల్వుల ధ్వనిలో ఏదో వెచ్చదనం ఉందని అభిమానులు అంటారు. కొలతలకు నిలిచే విషయాలలో మాత్రం, అంటే రొద, వక్రత, విద్యుత్ వ్యయం వంటివాటిలో, ఈనాటి చవక చిప్పు ఆనాటి మంచి యాంప్లిఫయరుకు తీసిపోదు; పెక్కుసార్లు మించుతుంది. పాట వినడమే లక్ష్యమైతే కొత్తది కట్టుకోవడమే తెలివైన పని.

అయినా పాతది బల్లమీదనే ఉంది. ఒక ఆదివారం ఆయన దానిని తిరగవేయించారు.

పాత యాంప్లిఫయరును బాగుచేయదలచినవారు చేయగూడని మొదటి పని దానిని ప్లగ్గులో పెట్టడం. ముప్పై ఏండ్లు మూలపడిన ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లు లోపలి ద్రవం ఆరి, మూడు వందల వోల్టులు ఒక్కసారిగా తగిలితే పగిలిపోతాయి. పోతూపోతూ ట్రాన్స్‌ఫార్మరును వెంట తీసుకొనిపోతాయి. కాగితపు కండెన్సర్లు కరెంటును లీకు చేస్తాయి. కార్బన్ రెసిస్టర్ల విలువ ఏండ్లు గడిచేకొద్దీ పైకి పాకుతుంది. ఇవన్నీ మార్చవలసినవే. కొందరు పాత కండెన్సరు డొల్లలో కొత్తదానిని దాచి, పైకి ఏమీ మారనట్లు అమరుస్తారు. అది కొంచెం దొంగవేషమేనని తాతగారి అభిప్రాయం. తరువాత వాల్వులన్నీ పీకి, నూరు వాట్ల బల్బును సీరీసులో కలిపి కరెంటు ఇవ్వాలి. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, యంత్రం బ్రతుకుతుంది. ఈ మాటలు చెబుతూ ఆయన మనుమరాలి ఎడమచేతిని పట్టుకొని ఆమె వీపు వెనుకకు పెట్టారు. స్విచ్చి ఆపిన తరువాత కూడా కండెన్సరులో ప్రాణాపాయమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. రెండు చేతులు లోపల పెడితే అది గుండె గుండా పోతుంది. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. అందుచేత ఆయన చెబుతూ ఉండగా ఆమె చేసింది.

కండెన్సర్లు మారాయి. పవర్ ట్రాన్స్‌ఫార్మరు బాగుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వద్ద మీటరు ముల్లు కదలలేదు. ప్రైమరీలో ఒక సగం తెగిపోయి ఉంది.

కుమారుడు తలవంచుకొన్నాడు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కథ అది. 1991లో ఒక బంధువుల పెండ్లికి ఆ యాంప్లిఫయరును తాతగారి తమ్ముడు తీసుకొనిపోయి నడిపాడు. నడుమ ఎవరిదో కాలు తగిలి స్పీకరు తీగ ఊడింది. అతడు చూచుకోలేదు. కొంతసేపటికి పాట బొంగురుపోయి ఆగింది. వాల్వు యాంప్లిఫయరును స్పీకరు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతంగా లేచి, పొరల నడుమ నిప్పురవ్వ దూకి కాలిపోతుందన్నది మెకానికులందరికీ తెలిసినదే. "ఉదయం నుంచే గరగరమంటోంది అన్నయ్యా, నేను ముట్టకముందే" అని తమ్ముడు చెప్పాడు. అన్నగారు వినలేదు. పందిట్లో అందరి ఎదుట అనరాని మాట అన్నారు. మరుసటి ఏడు తమ్ముడు భిలాయి విడిచి విజయనగరం చేరాడు. ఆ తరువాత ఇద్దరూ తల్లి కర్మలకు కలిశారు. బియ్యం, పురోహితుడు, రైలు టిక్కెట్లు, ఇంతవరకే మాట్లాడుకొన్నారు.

ఇక్కడ తిరిగి ప్రశ్న లేచింది. వాల్వులు ఈనాటికీ రష్యా, స్లొవేకియా, చైనాలలో తయారవుతున్నాయి, దొరుకుతాయి. ట్రాన్స్‌ఫార్మరు విదేశం నుండి తెప్పిస్తే మనుమరాలు కట్టిన యాంప్లిఫయర్లు పది వస్తాయి. రాయపూర్‌లో ఫ్యాన్లకు, మోటార్లకు తీగ చుట్టే దుకాణాలకు లోటు లేదు. కాని ఇది వేరు చుట్టుడు. వాల్వు ఎక్కువ వోల్టేజిని, తక్కువ కరెంటును ఇస్తుంది. స్పీకరు అందుకు తలక్రిందులైనదానిని కోరుతుంది. నడుమ మధ్యవర్తి ఈ ట్రాన్స్‌ఫార్మరే. సన్ననాదాలు నశించకుండా ఇందులో ప్రైమరీని, సెకండరీని ముక్కలు చేసి, ఒకదానిపై ఒకటిగా పొరలు పొరలుగా చుట్టాలి. ఎన్ని చుట్లో, ఏ వరుసలోనో నోటుపుస్తకంలో ఆయన వ్రాసుకొన్నారు. ఆ పుటను చెదలు తినేశాయి.

"విప్పి లెక్కపెడదాం" అన్నది మనుమరాలు. కొత్తది కట్టమన్నది ఆమే. ఇప్పుడు వదలనిదీ ఆమే.

విప్పడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఇనుప పలకలను ఒక్కొక్కటిగా ఊడదీసి, చుట్టను ఒక ఇరుసుకు ఎక్కించి, చుట్టుకొకసారి అంకె మారే లెక్కయంత్రాన్ని అమర్చింది. పొరల నడుమ కాగితం వచ్చింది. పైవి మంచివి, లోపలికి పోయేకొద్దీ రొట్టెలు చుట్టే మైనపు కాగితం. ఆయన కొంచెం సిగ్గుపడి, "అసలుది అయిపోయింది" అన్నారు. ఆమె ప్రతి పొరను దీపం కింద చూచింది. నిప్పురవ్వ దూకితే కాగితానికి నల్లని చిల్లు, దాని చుట్టూ మసి ఉండాలి. ఎక్కడా లేదు. మైనం కూడా కరుగలేదు.

నాలుగవ రాత్రి తీగ తనంతట తానే చేతిలోకి వచ్చేసింది. వెంట్రుకంత తీగ. అక్కడ ఒక అతుకు. మొదటి తీగచుట్ట అయిపోయి రెండవదానితో కలిపిన చోటు. ఆ అతుకు చుట్టూ కాగితంమీద పైసా బిళ్ళంత పచ్చని మచ్చ. రాగి చిలుమెక్కి, తిని, పొడియై ఉంది.

ఆయన కళ్ళజోడు మార్చుకొని చాలాసేపు చూచారు.

సోల్డరు పట్టడానికి రెండు రకాల మందులు ఉన్నాయి. గుగ్గిలంవలె వాసన వేసే రోజిను రేడియో పనికి తగినది. చల్లారిన తరువాత ఎవరి జోలికీ పోదు. తగరపు పనివారు, రేకు డబ్బాలవారు వాడే ఆమ్లం మరొకటి. అది దిట్టంగా పట్టిస్తుంది కాని, దాని శేషం గాలిలోని తడిని పీల్చుకొంటూ కూర్చుంటుంది. పైగా ఈ చుట్టలో యంత్రం నడిచినంతసేపూ మూడు వందల వోల్టులు నిలిచి ఉంటాయి. తడి, ఆమ్లం, వోల్టేజి మూడూ కలిస్తే రాగి కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. అలా పోవడానికి ఏండ్లు పడుతుంది. తెగబోయే ముందు కొన్నాళ్ళు, కొన్ని గంటలు, గరగరమంటుంది.

"అతుకు వేసింది నేనే" అన్నారాయన. ఆ రాత్రి అంతకుమించి మాట్లాడలేదు. కోడలు పెట్టిన మజ్జిగ అన్నం సగం విడిచి లేచారు.

తెల్లవారి ఆయన మనుమరాలిని పిలిచి విజయనగరానికి ఫోను కలుపమన్నారు. ఆయనకు వినికిడి తగ్గినందువలన ఫోనులోని మాట గదిలో అందరికీ వినిపించేటట్లు పెట్టవలసి వచ్చింది. తమ్ముడికిప్పుడు డెబ్బై అయిదేండ్లు.

"ఒరే, ఆ పెండ్లినాడు ఉదయం నుంచే గరగరమందని చెప్పావే," అన్నారు, కుశలప్రశ్న లేకుండానే. "నిజమే. లోపల అతుకు చిలుమెక్కింది. కాలలేదు. నీ వల్ల పోలేదు."

అవతల చాలాసేపు నిశ్శబ్దం. లైను తెగిందేమోనని మనుమరాలు ఫోనును చూచింది.

"అతుకా?" అన్నాడాయన చివరకు. "రెండో తీగచుట్ట కలిపిన దగ్గరా?"

"అదే."

"రోజిను అయిపోయిందని నీకు ఆ ఆమ్లం సీసా తెచ్చి ఇచ్చింది నేనే కదా అన్నయ్యా. ఫ్యాక్టరీ రేకులపనాయన్ని అడిగి తెచ్చాను. నువ్వు వద్దన్నావు. తెల్లారితే శ్రీరామనవమి, కానీయమన్నాను."

అన్నగారికి ఆ సంగతి జ్ఞాపకం లేదు. సీసా ఎవరు తెచ్చారో, ఎవరు వద్దన్నారో యాభై ఏడేండ్ల తరువాత తేల్చే దారి కూడా లేదు. ఆయన పెదవి విరిచి, "వేసిన చెయ్యి నాదే లేరా" అన్నారు.

లెక్క తేలింది. ప్రైమరీ రెండు సగాల చుట్లు సరిసమానంగా లేవు. పదకొండు చుట్ల తేడా ఉంది. ఆ తేడాను సరిచేయాలా, ఉన్నది ఉన్నట్లే చుట్టాలా అని తండ్రీకూతుళ్ళ మధ్య కొత్త వాదం మొదలైంది. తాతగారు సరిచేయమన్నారు. ఆ సన్నతీగ తెగకుండా చుట్టాలంటే ఒకరు ఇరుసు త్రిప్పుతూ ఉంటే మరొకరు తీగచుట్టను సమానమైన బిగువుతో పట్టుకొని ఉండాలి. 1968లో ఆ చుట్టను పట్టుకొన్నది పద్దెనిమిదేండ్ల తమ్ముడు. దసరా సెలవులకు మనుమరాలికి తీరిక దొరుకుతుంది. విజయనగరం నుండి రాయపూర్‌కు రెండు బెర్తులు దొరికాయి. క్రింది బెర్తు ఒకటే. అంతవరకు బీరువామీద అయిదు కాళ్ళ చిప్పుల యాంప్లిఫయరు ప్రతి ఉదయం రొద లేకుండా సుప్రభాతం వినిపిస్తోంది. దానికి ఇంకా పై మూత బిగించలేదు.