కుక్కర్‌లో ఉడికిన రిపోర్టు

సంక్రాంతికి అరిసెల పిండి దంచుకుంటున్నాం. మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరకి వేసింది. నా చెయ్యి తీసుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టింది. గోళీకాయంత గడ్డ.

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"దసరా ముందు నుంచి. నొప్పి లేదు కదా అని ఊరుకున్నా."

నొప్పి లేకపోవడమే మనల్ని మోసం చేస్తుంది. అరిసెలు పక్కన పెట్టి మర్నాడే తోట్లవల్లూరు నుంచి విజయవాడ వెళ్లాం. సూదితో ముక్క తీశారు. క్యాన్సరే అన్నారు. "ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు కూడా రానివ్వండి, అప్పుడే ఏ మందులో చెప్పగలం" అన్నారు డాక్టరుగారు.

ఆ రిపోర్టు ఎంతకీ రాలేదు. అక్క మాత్రం రోజూ దీపం పెట్టుకుని మామూలుగానే తిరిగేది. రాత్రిళ్లు ఆవిడ గదిలో లైటు వెలుగుతూనే ఉండేది. పరీక్ష జరిగే ల్యాబులోనే మా ఆడపడుచు కూతురు టెక్నీషియన్. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"అత్తా, నిన్న కుక్కర్‌కి ప్రెషర్ రాలేదు. గ్యాస్కెట్ సాగిపోయింది. మళ్లీ పెట్టాం" అంది.

"నేను రిపోర్టు సంగతి అడిగితే నువ్వు వంట సంగతి చెప్తావేంటే!"

పకపకా నవ్వి, అప్పుడు చెప్పింది. బీఏ తెలుగు చదివిన నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాను.

తీసిన ముక్క పాడవకుండా ఫార్మలిన్‌లో వేస్తారు. తర్వాత మైనంలో పెట్టి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చగా, 3, 4 మైక్రాన్ల పొరలు కోసి గాజు పలక మీద పరుస్తారు. ఫార్మలిన్ ముక్కను కాపాడుతుంది కానీ, లోపలి ప్రొటీన్లని ఒకదానికొకటి ముడేసేస్తుంది. మనం వెతికే గుర్తు ఆ ముడుల కింద దాక్కుంటుంది. పైన ఎంత ఖరీదైన మందు వేసినా దానికి అందదు. ఆ ముడులు విప్పేది వేడి. నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లంతో తయారైన ద్రావణంలో పలకల్ని ఉడకబెడతారు. దీన్నే యాంటిజెన్ రిట్రీవల్ అంటారట. 1991లో షాన్-రాంగ్ షి అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు మైక్రోవేవ్ ఓవెన్‌లో ఇలా వేడిచేసి చూపించారు. ఆ తర్వాత కొన్నేళ్లకే ప్రెషర్ కుక్కర్ కూడా ల్యాబుల్లోకి వచ్చింది.

దీనికి లక్షలు పోసి కొనే యంత్రాలున్నాయి. అవి లేనిచోట కుక్కరో, కూరగాయలు ఉడికించే స్టీమరో, వేడినీళ్ల తొట్టో వాడతారు. స్టీమర్‌లో 95 నుంచి 100 డిగ్రీల్లో 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి, పూర్తి ప్రెషర్ వచ్చాక రెండు మూడు నిమిషాలు చాలు. మైక్రోవేవ్‌లో వేడి అన్నిచోట్లా ఒకేలా తగలదు. నీళ్లు మరిగి తగ్గిపోతే ముక్క ఎండిపోతుంది. దేంట్లో ఉడికించినా దించగానే తియ్యకుండా ఆ నీళ్లలోనే 20 నిమిషాలు చల్లారనివ్వాలి. ల్యాబులో వాడిన కుక్కర్ మళ్లీ వంటకి పనికిరాదు, అది వేరే మాట.

మా లంకల్లో పసుపు వండేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కొమ్ములు సరిగా ఉడక్కపోతే రంగు సమంగా రాదు, ఎక్కువ ఉడికితే చెడిపోతాయి. అక్కడా అంతే. తక్కువైతే రంగు పట్టదు, మరీ ఎక్కువైతే ముక్క పలక మీద నుంచి ఊడిపోతుంది.

"మరి సరిగా ఉడకలేదని ఎలా తెలిసిందే?"

"పెద్దత్త ముక్కతో పాటు, రంగు తప్పకుండా రావాల్సిన వేరే ముక్క ఒకటి పెడతాం అత్తా. దానిక్కూడా రాలేదు."

మెతుకు పట్టి చూడటమన్నమాట. అది చూడకుండా రిపోర్టు రాసేసి ఉంటే? అక్కకి హార్మోను గుర్తు లేదని వచ్చేది. పనిచేసే మందు ఆవిడకి అందకుండా పోయేది. తప్పు జరిగిందని మాకెవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

కొత్త గ్యాస్కెట్ వేసి మళ్లీ ఉడికించారు. ఈసారి రెండు ముక్కలకీ గోధుమ రంగు వచ్చింది. ఈఆర్ పాజిటివ్. ఆపరేషన్ అయింది. ఇప్పుడు రోజుకో హార్మోను మాత్ర, కనీసం ఐదేళ్లు వేసుకోవాలి. అక్క దాన్ని తులసి దగ్గర దీపం పెట్టగానే వేసుకుంటుంది, మర్చిపోకుండా.

మీకు చెప్పేది రెండే మాటలు. నెలకోసారి స్నానం చేసేటప్పుడు చేత్తో తడిమి చూసుకోండి. గడ్డ తగిలితే పండగ అయ్యాక చూద్దాం అనుకోకండి. ఇక ఎవరిదైనా రిపోర్టు ఆలస్యమైతే విసుక్కునే ముందు ఒకసారి అడగండి. మళ్లీ చేస్తున్నాం అన్నారంటే, అక్కడెవరో మెతుకు పట్టి చూశారని.

మా ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ కూడా సాగిపోయి ఆరు నెలలైంది. నిన్న ఉయ్యూరు వెళ్లినప్పుడు కొత్తది తెచ్చాను.