బొమ్మ వెనక గొంతు

2023 అక్టోబర్ 29, ఆదివారం. రాత్రి ఏడు గంటల ప్రాంతంలో విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–రాయగడ పాసింజర్ వచ్చి ముందున్న విశాఖ–పలాస పాసింజర్‌ని వెనకనుంచి ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. 50 మంది దాకా గాయపడ్డారు. మా శృంగవరపుకోటకి వచ్చే లైను కొత్తవలస దగ్గర విడిపోతుంది, కంటకాపల్లి ఆ పక్క స్టేషనే. అంటే మా వాకిట్లో జరిగినట్టే. పత్రికలవాళ్ళు చేరేలోపే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ, రైల్లోంచి బయటపడ్డవాళ్ళూ తీసిన మొబైల్ వీడియోలు మా ఇళ్ళకి చేరిపోయాయి.

ఆ వీడియోల్ని నేను సేకరిస్తున్నాను. సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదానివి, నీకిదేం పని అని అడిగినవాళ్ళున్నారు. స్త్రీల పాటలమీదా శోకాలమీదా పనిచేశాను కాబట్టే ఇటు వచ్చాను. ఎందుకంటే వీటిలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. చీకటి, ఊగిపోయే ఫోను టార్చి వెలుగు, ఒరిగిన బోగీ అంచు ఒకటి కనిపించి మాయమవుతుంది... వినడానికి మాత్రం చాలా ఉంది. "ఓలమ్మో, ఏటైపోనావే" అని ఒకామె ఎవరినో పిలుస్తుంటుంది. "నీల్లట్టుకు రండి" అని ఇంకొకామె. నాకు దొరికిన వాటిలో ఫోను పట్టుకున్నది చాలావరకు మగవాళ్ళు. గొంతులు ఎక్కువగా ఆడవాళ్ళవి.

ఇలాంటి వీడియో టీవీకెక్కినప్పుడు మొదట పోయేది ఆ గొంతే. దానిమీద విషాద సంగీతం వచ్చి పడుతుంది, యాంకర్ వ్యాఖ్యానం వచ్చి పడుతుంది. బొమ్మకి మాత్రం ఎర్ర వలయం గీసి పదేపదే తిప్పుతారు. స్త్రీ శరీరాన్ని చూపించి, ఆమె మాటని తీసేయడం మనకి కొత్తేమీ కాదు కదా!

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు కూడా రోడ్డుమీద కుప్పకూలుతున్న మనుషుల వీడియోలు దేశమంతా చూసింది. 1984 నాటి భోపాల్‌ని మనం వృత్తి ఫోటోగ్రాఫర్లు తీసిన పసిబిడ్డ ముఖంతో గుర్తుపెట్టుకున్నాం. విశాఖని ఎవరు తీశారో తెలియని ఫోన్లతో గుర్తుపెట్టుకున్నాం. విషవాయువు మనుషుల్ని ఏం చేసిందో ఎవరూ దాచలేకపోవడానికి ఆ ఫోన్లే కారణం. ఆ మేలు కాదనలేను. కానీ స్పృహతప్పి పడిపోయిన ఆడమనిషిని లక్షలమంది చూడటానికి ఎవరి అనుమతి ఉంది?

అలాగని చెరిపేద్దామా? 2024 మార్చిలో రైల్వే మంత్రి, రాయగడ పాసింజర్ నడిపినవాళ్ళు ఫోనులో క్రికెట్ చూస్తూ ఏమరుపాటుగా ఉన్నారన్నారు. ఇద్దరూ ప్రమాదంలోనే చనిపోయారు, జవాబు చెప్పుకోలేరు. తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో ఆ మాట నిలబడలేదని పత్రికల్లో వచ్చింది. పైనుంచి వచ్చే కథ ఇలా మారుతున్నప్పుడు, కిందనుంచి వచ్చిన సాక్ష్యాన్ని మన చేత్తో మనం ఎలా చెరుపుకుంటాం?

ఈ రెండు ప్రశ్నల మధ్యా నలుగుతుండగానే, జామి వైపు ఒక ఊళ్ళో, గాయపడి బతికిన ఒకామెని కలిశాను. ఆమె కనిపించే వీడియో నా దగ్గరుంది. ఆ సంగతి చెప్పాను. "తీసీండమ్మా. నా కొడుకు సూసీసినాడు" అంది. కాసేపాగి, "అరుపు ఉంచండి. ఎవులూ రాకముందు ఎంతసేపు అరిసినానో తెలాల కదా" అంది.

ఇన్ని పుస్తకాలు చదివి నేను తేల్చుకోలేనిది ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. తన శరీరం మీదా, తన గొంతు మీదా హక్కు తనదే. ఏది చూపాలో, ఏది వినిపించాలో తను చెప్తుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీలని అడిగి, వాళ్ళు చెప్పింది విని రాసుకుంది. ఫోను ఎవరినీ అడగదు. ఆ అడగడం సేకరించేవాళ్ళమైన మనమే చెయ్యాలి, ఆలస్యంగానైనా.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి ఇది. అసలు వీడియోని ముక్కచెయ్యకుండా భద్రపరుస్తాను, కానీ ఎవరికీ పంపను. శబ్దాన్ని విడిగా తీసి, తేదీ, చోటు, వ్యవధి రాసి, మాటల్ని వాళ్ళ యాసలోనే అక్షరాల్లో పెడతాను. వాటిని పుస్తక భాషలోకి దిద్దను. ముఖం, పేరు వాళ్ళు ఒప్పుకుంటేనే.

విచారణ కాగితాల్లో రైళ్ళు గుద్దుకున్న సమయం ఉంటుంది, సహాయక రైలు చేరిన సమయం ఉంటుంది. ఆ రెంటి మధ్యా చీకట్లో ఒక మనిషి ఎంతసేపు పిలిచిందో, పిలిచి పిలిచి గొంతు ఎలా బొంగురుపోయిందో ఆ ఫోనులోనే ఉంది. దాన్ని మొదట రాసిపెట్టాలి.