నావికుల కోటు - మన గొంగడి

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకుఁ బోవు బాటలోఁ దుర్కయంజాలు గలదు. అచటి మాసబుచెరువు గట్టున నొక ముదుసలి, తలమీఁదుగా నల్లగొంగడి గప్పుకొని, జడివానలో గొఱ్ఱెల మేపుచుండెను. సముద్ర మెఱుఁగని యా వృద్ధుని గనినంతనే నాకు నావికుల పీకోటు స్ఫురించెను.

ముతక యున్నిబట్టకు డచ్చివారు పెట్టిన పేరునుండియే ‘పీ’ యను మాట పుట్టెనని పలువురి మతము. తెరచాపకొయ్య లెక్కుట కడ్డురాకుండఁ బొట్టిగా, ఱొమ్మున రెండు పొరలుగా, రెండు వరుసల బొత్తాములతో దానిఁ గుట్టుదురు. వెడల్పయిన కాలరు నెత్తినచోఁ జెవులు గప్పును.

గొంగడికిఁ గత్తెర లేదు, బొత్తాము లేదు. దక్కనీ గొఱ్ఱెల నల్లని యున్నిని స్త్రీలు వడకఁగాఁ, గురుమలు పడుగునకుఁ జింతగింజల గంజి పట్టించి గుంటమగ్గమున నేయుదురు. అది వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికిఁ బఱపు.

అమెరికా నౌకాదళము 2016లోఁ బీకోటునకు బదులు కృత్రిమవస్త్రపుఁ గోటును నిర్ణయించెను. ఇచట మాంసమునకై యున్నిలేని గొఱ్ఱెలఁ బెంచుట హెచ్చి కదుళ్లు మూలఁబడుచున్నవి. కోటు మాఱినను నావికునకు జీతము నిలుచును. గొంగడి పోయినచో వడకెడి యవ్వకుఁ గూడే పోవును.

సోదరీమణులారా! ఈ చలికాలమున నింటి కొక గొంగడి కొనుఁడు. తొలుత గఱకుగా నుండును, వాడినకొలఁది మెత్తఁబడును.