ఏ దేశపు పిల్లవాడు?

ఆటల్లో నాకు ఓనమాలు రావు. అయినా యానిస్ అంతెతోకూంపో అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి కథ మనబోటి పరాయిగడ్డ వాళ్ళం తెలుసుకోదగ్గది.

అతని తల్లిదండ్రులు నైజీరియా నుంచి ఏథెన్సుకు బతకవచ్చినవాళ్ళు. 1994లో అక్కడే పుట్టినా, అంతమాత్రాన గ్రీసు పౌరసత్వం రాలేదు. ఏ దేశపు కాగితమూ లేకుండా, వీధుల్లో గడియారాలు, చలవ కళ్ళద్దాలు అమ్ముకుంటూ పెరిగాడు. 2013 జూన్‌లో అమెరికా లీగు జట్లు కొత్తవాళ్ళను వంతులవారీగా ఎంచుకున్నప్పుడు, 15వ వంతులో మిల్వాకీ వారు ఇతన్ని తీసుకున్నారు. గ్రీసు పౌరసత్వం ఇచ్చింది అంతకు కొద్ది వారాల ముందే! పద్దెనిమిదేళ్ళు కంటికి ఆనని బిడ్డ, ఆరడుగుల తొమ్మిదంగుళాలు పెరిగాక ఆనాడన్నమాట. 2021లో ఆ జట్టుకు 50 ఏళ్ళ తర్వాత కప్పు తెచ్చాడు; చివరి ఆటలో ఒక్కడే 50 పాయింట్లు.

మా పిల్లల వార్డులో ప్రతి ఫైలు మీదా పేరు పక్కనే జాతీయత గడి ఉంటుంది. జెద్దాలోనే పుట్టిన మా వాడి ఫైల్లో నేనే ‘ఇండియా’ అని రాశాను. పాస్‌పోర్టుంది, అంతవరకు అదృష్టం. కాని వాడి ఇఖామా నా ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతోంది. 2017లో మొదలైన తలసరి రుసుము సరేసరి.

మొన్న అడిగాడు: "నాన్నా, పెద్దయ్యాక నేనెవరి తరఫున ఆడాలి?"

"ఇండియా తరఫున."

"అక్కడ నాకు తాతయ్య, నానమ్మ తప్ప ఎవరూ తెలీదుగా!"